యంత్రములోని యంత్రము: దాని చిక్కులు, వానిని విప్పు క్రమము



ఇరువదియైదు సంవత్సరములు నిండిన గ్రంథాలయమునకు రెండు విధములైన సొత్తు ఉండును. మొదటిది బీరువాలలోని పుస్తకములు. అది అందఱి కంటికిని కనబడును. రెండవది కంప్యూటరులో చేరిన ఫైళ్లు. గ్రామ చరిత్రలు, స్థానిక కవుల రచనలు, వార్షిక సంచికలు, పుస్తక జాబితాలు అందున్నవి. పుస్తకమునకు చెదలు పట్టినచో చూచినవారికి వెంటనే తెలియును. ఫైలు సంగతి అట్టిది కాదు. ఫైలు చెక్కుచెదరక యున్నను, దానిని తెఱచు ప్రోగ్రాము వాడుకనుండి తప్పుకొన్నచో ఆ ఫైలు ఉండియు లేనట్లే యగును.

తెలుగునాట ఈ చిక్కు ఊహామాత్రము కాదు. 1990ల నుండి చాల సంవత్సరములు తెలుగు పుస్తకములు, శుభలేఖలు, కరపత్రములు, సంచికలు పేజ్‌మేకర్ అను ప్రోగ్రాములో అను లిపులతో కూర్చబడినవి. పేజ్‌మేకర్ తుది ముఖ్య రూపమగు 7.0 వెలువడినది 2001లో. అడోబ్ సంస్థ ఆపై దానిని కొత్త విండోస్‌లకు అనువుగా తీర్చలేదు. ఆ పాత లిపులు నేటి యూనికోడ్ పద్ధతికి చెందినవి కావు. లిపి లేని కంప్యూటరులో ఆ పాఠమును తెఱచినచో తెలుగు కనబడదు. అర్థములేని ఇంగ్లీషు అక్షరముల గుంపు కనబడును. ఈ ప్రోగ్రాములు చక్కగా నడచిన విండోస్ ఎక్స్‌పీ 2001లో వచ్చినది. దానికి మైక్రోసాఫ్ట్ సంస్థ 2014 ఏప్రిల్ 8తో సామాన్య సహాయమును ఆపివేసినది. ఆనాటి కంప్యూటర్లు ఒక్కొక్కటిగా మూలబడుచున్నవి. వానితోపాటు ఆ ఫైళ్లను తెఱచు మార్గమును మూసికొనిపోవుచున్నది.

ఈ మార్గమును తెఱచియుంచు సాధనములలో ముఖ్యమైనది వర్చువల్ మెషీన్. దీనిని తెలుగున కల్పిత యంత్రము అనవచ్చును. ఒక కొత్త కంప్యూటరులో ఒక ప్రోగ్రాము సహాయమున మఱియొక కంప్యూటరును సృష్టించుట దీని పని. లోపలి కంప్యూటరునకు తనదైన జ్ఞాపకశక్తి, డిస్కు, తెఱ, నెట్‌వర్కు ఉన్నట్లే తోచును. నిజమున అవి యన్నియు బయటి కంప్యూటరు అరువిచ్చినవే. ఇంగ్లీషున బయటి యంత్రమును హోస్టు అనియు, లోపలి దానిని గెస్టు అనియు వ్యవహరింతురు. అనగా బయటిది ఆతిథేయి, లోపలిది అతిథి. ఇరువురి నడుమ వ్యవహారము నడుపు ప్రోగ్రామునకు హైపర్‌వైజర్ అని పేరు.

ఈ భావన కొత్తది కాదు. అమెరికాలోని కేంబ్రిడ్జి నగరమున ఐబీఎం సంస్థవారు 1960లలోనే తమ పెద్ద కంప్యూటర్లపై దీనిని సాధించిరి. 1972లో వీఎం/370 అను పేరున అది విరివిగా వాడుకలోనికి వచ్చినది. బల్లపై కంప్యూటరునకు 1999లో వీఎంవేర్ వర్క్‌స్టేషన్, 2007లో వర్చువల్‌బాక్స్ వచ్చినవి. ఇంటెల్ సంస్థ 2005లోను, ఏఎండీ సంస్థ 2006లోను తమ ప్రాసెసర్లలోనే ఇందులకు కావలసిన ఏర్పాటు చేర్చినందున నేడు సామాన్యుని కంప్యూటరులో కూడ ఇది సాధ్యమైనది. లైసెన్సు గల పాత విండోస్ ప్రతియు, పేజ్‌మేకర్ ప్రతియు, లిపులును ఉన్న గ్రంథాలయము ఇరువది యేండ్ల నాటి తన కంప్యూటరును కొత్త యంత్రము లోపల మఱల నిలుపుకొనవచ్చును.

అయితే సాధనము ఉన్నచోట చిక్కులును ఉండును. కల్పిత యంత్రము ఒకనాడు లేవదు. ఒకనాడు నత్తనడక నడచును. ఒకనాడు నీలి తెఱ చూపి ఆగిపోవును. అట్టి సమయమున జరుగు గొప్ప నష్టము యంత్రము వలన కలుగునది కాదు, తొందరపాటు వలన కలుగునది. యంత్రము చెడినదని దానిని తొలగించి మఱల నిర్మింప బోవువారు కొందఱు. తొలగించునప్పుడు ఫైళ్లను కూడ చెఱిపివేయుదువా యని ప్రోగ్రాము అడుగును. అవునని మీట నొక్కినచో లోపలి డిస్కు సమస్తము పోవును. యంత్రమును గంటలో మఱల కట్టవచ్చును. దానిలోని గ్రామచరిత్రను ఎవరు తెచ్చియిత్తురు?

కావున చికిత్సకు ముందు మూడు నియమములు పాటింపవలెను. మొదటిది, అతిథి యంత్రమును పూర్తిగా ఆపి, దాని ఫోల్డరును యథాతథముగా వేఱొక డిస్కునకు నకలు తీయవలెను. నడచుచున్న యంత్రమునకు తీసిన నకలు నమ్మదగినది కాదు. రెండవది, తెఱపై వచ్చిన దోషవాక్యమును అక్షరము పొల్లుపోకుండ కాగితముపై వ్రాసికొనవలెను. మూడవది, ఒక్కసారికి ఒక్క మార్పు మాత్రమే చేసి ఫలితము చూడవలెను. నాలుగు మార్పులు ఒక్కసారిగా చేసినచో ఏది మేలు చేసినదో, ఏది కీడు చేసినదో తెలియదు.

పిమ్మట అడుగవలసిన ప్రశ్న ఒక్కటే: దోషము ఎచ్చట నున్నది? ఆతిథేయి యందా, నడుమనున్న హైపర్‌వైజర్ యందా, అతిథి యందా? ఇంట గెలిచి రచ్చ గెలువుమని మన పెద్దలనిరి. ఇచ్చటను మొదట ఇల్లు చూడవలెను. బయటి యంత్రమున డిస్కు నిండినదా, జ్ఞాపకశక్తి చాలుచున్నదా, నిన్నటికిని నేటికిని నడుమ విండోస్ కొత్త మార్పులు ఏమైన చేసికొన్నదా యని విచారింపవలెను. అచ్చట లోపము లేదని తేలిన పిమ్మటనే లోనికి పోవలెను.

యంత్రము అసలు లేవకపోవుట తఱచుగా కనబడు మొదటి చిక్కు. వర్చువల్‌బాక్స్ 2019 నాటి 6.1వ రూపము నుండి ప్రాసెసరులోని వర్చువలైజేషన్ ఏర్పాటు లేనిదే పని చేయదు. ఆ ఏర్పాటు ప్రాసెసరులో ఉన్నను కొన్ని కంప్యూటర్లలో మూసి ఉంచబడి యుండును. విండోస్ 10, 11లలో టాస్క్ మేనేజర్ తెఱచి, పెర్ఫార్మెన్స్ విభాగమున సీపీయూ పుట చూచినచో వర్చువలైజేషన్ తెఱచియున్నదో లేదో అచ్చటనే వ్రాసియుండును. మూసియున్నచో కంప్యూటరును మఱల ప్రారంభించి బయోస్ లోనికి పోవలెను. ఇంటెల్ యంత్రములలో ఇంటెల్ వర్చువలైజేషన్ టెక్నాలజీ అనియు, ఏఎండీ యంత్రములలో ఎస్‌వీఎం మోడ్ అనియు పేరు కనబడును. దానిని ఎనేబుల్ చేసి, భద్రపఱచి, కంప్యూటరును ఒకసారి పూర్తిగా ఆపి మఱల వెలిగింపవలెను. 64 బిట్ల అతిథులు జాబితాలో కనబడకపోవుటకును తఱచుగా ఇదియే కారణము.

ఏర్పాటు తెఱచియే యున్నను యంత్రము మందముగా నడచుట మఱియొక విధము. విండోస్ 10, 11లు తమ రక్షణ కొఱకు ఆ ఏర్పాటును తామే పట్టుకొనుట కలదు. హైపర్-వీ, మెమరీ ఇంటెగ్రిటీ అను భాగములు పనిచేయునప్పుడు వర్చువల్‌బాక్స్ పరోక్షముగా నడువవలసి వచ్చును. అట్టియెడ దాని కిటికీ అడుగు పట్టీలో ఆకుపచ్చని తాబేలు బొమ్మ కనబడును. తాబేలు కనబడినచో నడక మందగించుటకు అది కారణము కావచ్చునని గ్రహింపవలెను. అయితే మెమరీ ఇంటెగ్రిటీ దుష్ట ప్రోగ్రాములనుండి రక్షించునది. వేగము కొఱకు దానిని తొందరపడి తీసివేయరాదు. ఎక్స్‌పీ వంటి తేలికయైన అతిథి తాబేలు నడకతోనే పని గడుపుకొనగలిగినచో దానిని అట్లే ఉంచుట మేలు.

మందగమనమునకు మఱియొక కారణము పంపకములోని దోషము. కంప్యూటరులో 8 జీబీ జ్ఞాపకశక్తి యున్నదనుకొందము. అతిథికి మర్యాద చేయవలెనని అందులో 6 జీబీ అతనికిచ్చినచో ఇంటివానికి అన్నము కఱవగును. ఆతిథేయి తన పనికి చోటు చాలక డిస్కుపై నెట్టుకొనుచుండును. ఇరువురును కుంటుపడుదురు. సామాన్యముగా సగము మించి ఈయకుండుట మంచి నియమము. వర్చువల్‌బాక్స్‌లో జ్ఞాపకశక్తిని నిర్ణయించు పట్టీపై ఆకుపచ్చ, ఎఱుపు భాగములుండును. ఎఱుపులోనికి పోరాదు. ఎక్స్‌పీకిని పేజ్‌మేకరునకును 1 జీబీ ధారాళముగా చాలును. ఆనాటి కంప్యూటర్లలో అనేకములకు అంత కూడ లేదు. ప్రాసెసర్ల సంగతియు అట్టిదే. అట్టి అతిథికి ఒక్కటి చాలును. ఇక ఫోల్డరును చక్రము తిరుగు పాత డిస్కుపై గాక ఎస్‌ఎస్‌డీపై ఉంచినచో నడకలో గొప్ప మార్పు కనబడును.

పాత డిస్కును కొత్త కల్పిత యంత్రమునకు తగిలించినప్పుడు ఎక్స్‌పీ సగము వఱకు లేచి నీలి తెఱ చూపుట కలదు. చాలమంది దీనిని చూచి డిస్కు చెడినదని నిరాశ చెందుదురు. డిస్కు చెడలేదు. ఎక్స్‌పీ పుట్టిననాడు ఐడీఈ అను పద్ధతి వాడుకలో నుండెను. తరువాత వచ్చిన సాటా పద్ధతికి చెందిన ఏహెచ్‌సీఐ డ్రైవరు ఎక్స్‌పీలో స్వతహాగా లేదు. కొత్త యంత్రమున డిస్కును సాటాకు తగిలించినచో ఎక్స్‌పీకి తన ఇంటి తలుపే కనబడదు. యంత్రమును ఆపి, స్టోరేజి అమరికలో డిస్కును ఐడీఈ క్రిందకు మార్చినచో తఱచుగా చక్కబడును. బూటునకు తగిన డిస్కు లేదను వాక్యము వచ్చినచో డిస్కు తగిలించియే యున్నదా యని స్టోరేజి పుట చూడవలెను. యంత్రము పేరు ప్రక్కన ఇన్‌యాక్సెసిబుల్ అని కనబడినచో, ఫోల్డరు బయటి డిస్కులో నుండి దాని డ్రైవు అక్షరము మాఱియుండవచ్చును. పూర్వపు అక్షరమునే మఱల ఇచ్చినచో యంత్రము ప్రత్యక్షమగును.

తెఱ చిన్నదిగా నుండుట, మౌసు లోపల చిక్కుకొని బయటికి రాకపోవుట కొత్తవారిని కంగారు పెట్టు చిక్కులు. మౌసు బయటికి రావలెనన్నచో వర్చువల్‌బాక్స్‌లో కుడి ప్రక్కనున్న కంట్రోల్ మీటను, వీఎంవేర్‌లో కంట్రోల్, ఆల్ట్ మీటలను కలిపి నొక్కవలెను. శాశ్వత చికిత్స అతిథిలో తగిన సహాయక ప్రోగ్రాములను చేర్చుట. వర్చువల్‌బాక్స్‌లో వానిని గెస్ట్ అడిషన్స్ అనియు, వీఎంవేర్‌లో టూల్స్ అనియు అందురు. ఇవి చేరిన పిమ్మట తెఱ కిటికీకి తగినట్లు పెరుగును. మౌసు స్వేచ్ఛగా తిరుగును. బయటి ఫోల్డరును లోపలినుండి చూచుటకును వీలగును. పాత ఫైళ్లను అట్లు లోనికి చూపునప్పుడు చదువుటకు మాత్రమే అనుమతినిచ్చుట క్షేమము. మూలప్రతి పొరపాటున మాఱదు.

పెన్‌డ్రైవు, ప్రింటరు వంటి యూఎస్‌బీ పరికరము ఒక సమయమున ఒకరి చేతనే ఉండును. అతిథికి అప్పగించినచో ఆతిథేయికి కనబడదు. ఆతిథేయి వాడుచున్నచో అతిథికి దొరకదు. ఎక్స్‌పీకి యూఎస్‌బీ 3.0 స్వతహాగా తెలియదు. కావున ఆ అతిథి అమరికలో 2.0 గాని 1.1 గాని ఎన్నుకొనవలెను.

ఇక నెట్‌వర్కు. సామాన్యముగా నాట్ అను పద్ధతి ముందే అమర్చబడి యుండును. దానిలో అతిథి బయటికి పోగలడు. బయటివారు అతిథిని పిలువలేరు. వర్చువల్‌బాక్స్‌లో అట్టి అతిథికి 10.0.2.15 వంటి చిరునామా కనబడును. అది దోషము కాదు. అదే గ్రంథాలయములోని ఇతర కంప్యూటర్లు అతిథిని చేరవలెనన్నచో బ్రిడ్జ్‌డ్ పద్ధతి కావలెను. అయితే ఎక్స్‌పీ విషయమున వేఱు మాట చెప్పవలసియున్నది. 2014 తరువాత దాని రంధ్రములను క్రమముగా పూడ్చువారు లేరు. పాత ఫైళ్లను తెఱచుటకు ఇంటర్నెట్టుతో పని లేదు. అమరికలో కేబుల్ కనెక్టెడ్ అను గుర్తును తీసివేసినచో ఆ యంత్రము నిశ్చింతగా నుండును.

డిస్కు నిండుట మఱియొక పెద్ద చిక్కు. అతిథి డిస్కు బయటినుండి చూచినచో ఒక పెద్ద ఫైలు మాత్రమే. అది వాడుకను బట్టి పెరుగుచు పోవును. లోపల ఫైళ్లను చెఱిపినను బయటి ఫైలు తనంతట తాను తగ్గదు. ఆతిథేయి డిస్కు పూర్తిగా నిండినచో అతిథి ఉన్నచోటనే నిలిచిపోవును. అప్పుడు బలవంతముగా ఆపరాదు. బయట అనవసరమైన ఫైళ్లను తొలగించి చోటు కల్పించి, నిలిచిన యంత్రమును మఱల సాగనీయవలెను.

చోటు కొఱకు వెదకువారి చూపు స్నాప్‌షాట్ల ఫోల్డరుపై పడును. ఇచ్చటనే ఘోరమైన నష్టము పొంచియున్నది. స్నాప్‌షాట్ అనగా ఆనాటి స్థితికి వేసిన గుర్తు. ఆ గుర్తు తరువాతి మార్పులన్నియు వేఱొక ఫైలులో చేరును. ఆ ఫైళ్లు గొలుసు కడియములవలె ఒకదానినొకటి పట్టుకొనియుండును. పాతవి గదా యని ఒక కడియమును చేతితో చెఱిపినచో తరువాతి పని యంతయు నిలువ నీడలేక పోవును. స్నాప్‌షాట్లను హైపర్‌వైజర్ ప్రోగ్రాము ద్వారానే తొలగింపవలెను. అది వానిని ఒకదానిలో నొకటి కలుపుకొనును. అందులకు కొంత కాలమును, కొంత ఖాళీ చోటును కావలెను. నడుమ ఆపరాదు. మఱియొక సంగతి గుర్తుంచుకొనవలెను. స్నాప్‌షాట్ రక్షణ ప్రతి కాదు. అది అదే డిస్కులో నుండును. డిస్కు పోయినచో రెండును పోవును.

పల్లెలలో విద్యుత్తు హఠాత్తుగా పోవుట అనుభవములోనిదే. అట్లు పోయినప్పుడు వర్చువల్‌బాక్స్ ఆ యంత్రము ప్రక్కన అబార్టెడ్ అని వ్రాయును. భయపడవలసిన పని లేదు. మఱల ప్రారంభించినచో ఎక్స్‌పీ డిస్కును పరీక్షించుట మొదలిడవచ్చును. దానిని చివరివఱకు సాగనీయవలెను. యంత్రమును నిద్రపుచ్చిన స్థితి, అనగా సేవ్‌డ్ స్టేట్, తెఱచుకొననిచో దానిని విడిచివేయు మార్గము కలదు. అట్లు విడిచినచో భద్రపఱచని పని పోవును గాని డిస్కులోని ఫైళ్లు పోవు. హైపర్‌వైజర్‌ను కొత్త రూపమునకు మార్చుటకు ముందు అతిథిని నిద్రపుచ్చక పూర్తిగా ఆపుటయే ఈ చిక్కునకు విరుగుడు.

ఇవి యన్నియు చూచినను కారణము తెలియనిచో దినచర్య పుస్తకము వంటి లాగ్ ఫైలు కలదు. వర్చువల్‌బాక్స్‌లో యంత్రపు ఫోల్డరులోని లాగ్స్ అను చోటను, వీఎంవేర్‌లో యంత్రపు ఫోల్డరులోనే అది యుండును. ఎర్రర్ అను మాట కనబడు వాక్యములను, ముఖ్యముగా మొదటి దానిని చూడవలెను. తరువాతివి తఱచుగా దాని పర్యవసానములే. తెలిసినవారిని సలహా యడుగునప్పుడు యంత్రము పని చేయుటలేదని మాత్రము చెప్పినచో ప్రయోజనము లేదు. ఆతిథేయి ఏది, అతిథి ఏది, హైపర్‌వైజర్ ఏ రూపము, దోషవాక్యమేమి, దానికి ముందు మాఱినదేమి, ఈ అయిదును చెప్పవలెను. వైద్యునికి రోగి నాడి వలె సలహాదారునకు ఇవి యాధారములు.

కొన్ని చిక్కులు తీరనివియు ఉన్నవి. ఆపిల్ సంస్థ 2020 నుండి తన సొంత ప్రాసెసర్లతో తయారుచేసిన మాక్ కంప్యూటర్లలో ఎక్స్‌పీ వంటి పాత ఇంటెల్ అతిథి నేరుగా నడువదు. ప్రాసెసరు భాషయే వేఱు. పూర్తి అనుకరణ వలన నడపవచ్చును గాని వేగము చాల తగ్గును. యంత్రమును ఎన్నుకొనునప్పుడే ఈ భేదము తెలిసికొనుట మంచిది.

నకళ్ల విషయమున మఱియొక మాట. చేతులు కాలిన పిమ్మట ఆకులు పట్టుకొన్న లాభమేమి? కల్పిత యంత్రము చక్కగా నడచుచున్ననాడే దానిని ఆపి, మొత్తము ఫోల్డరును రెండు వేఱు డిస్కులకు నకలు తీసి, అందొకటి గ్రంథాలయము వెలుపల ఉంచవలెను. ఒక డిస్కు ఫైలును అదే కంప్యూటరులో చేతితో నకలు తీసి రెండవ యంత్రమునకు తగిలించినచో వర్చువల్‌బాక్స్ అంగీకరింపదు. రెండింటికిని లోపలి గుర్తు సంఖ్య ఒక్కటే యగుట దానికి కారణము. క్లోన్ అను మార్గమున తీసినచో కొత్త గుర్తు ఏర్పడును. నకలు తీసియుంచుటతో చాలదు. సంవత్సరమునకొకసారి యైనను ఆ నకలును వేఱొక కంప్యూటరులో లేపి చూడవలెను. లేపి చూడని నకలును నమ్ముకొనరాదు.

చివరగా ఒక హెచ్చరిక. కల్పిత యంత్రము ఏరు దాటించు తెప్ప వంటిది. అది యున్నదను ధీమాతో పాత ఫైళ్లను అందే శాశ్వతముగా ఉంచుట తగదు. యంత్రము లేచి నడచుచున్న రోజులలోనే ఒక్కొక్క పుస్తకమును తెఱచి, పుటలను పీడీఎఫ్‌గా భద్రపఱచుకొనవలెను. పీడీఎఫ్‌లో పుట రూపము నిలుచును. కాని పాత లిపిలోని మాటలను తెలుగులో వెదకుట సాధ్యము కాదు. కావున పాఠమును యూనికోడ్‌లోనికి మార్చుటయు అవసరము. మార్పిడిలో ఒత్తులు, గుణింతములు అచ్చటచ్చట తప్పును. అచ్చయిన పుస్తకమును ప్రక్కనుంచుకొని సరిచూచువారు కావలెను. ఈ పని యంత్రము చేయలేదు. గ్రామములోని చదువరులు, విద్యార్థులు, ఉపాధ్యాయులు తలకొక పది పుటలు పంచుకొన్నచో ఒక పుస్తకము ఆ తెప్పనుండి గట్టుకు చేరును. అట్లు చేరిన పుస్తకమును ఇరువదియైదేండ్ల పిమ్మట చదువగోరువాడు ఏ పాత యంత్రమును లేపనక్కఱలేదు.